బొమ్మ గీసిన చేతికి వాటా ఏదీ?

కృత్రిమ మేధతో బొమ్మలు గీసే యంత్రాలు చిత్రకారుల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నాయన్న ఆందోళన ఇంతవరకు అమెరికా, బ్రిటన్ న్యాయస్థానాల వార్తగానే మన పాఠకులకు పరిచయం. పుస్తకాలకు, సినిమాలకు, వీడియో ఆటలకు బొమ్మలు వేసే కొద్దిమంది కళాకారుల గోడుగా అది కనిపించడం సహజమే. కాని ఆ సమస్య మన దేశంలో ఏ రూపం ధరించనున్నదో తెలియాలంటే చూడవలసినది చిత్రకళా ప్రదర్శనశాలలను కాదు, గుజరాత్‌లోని సూరత్ బట్టల మార్కెట్‌ను. సామాన్య కుటుంబాల స్త్రీలు కట్టే పాలియెస్టర్ అద్దకపు చీరల్లో సింహభాగం అక్కడివే. ఆ చీరలపై పూవులు, లతలు, నెమళ్లు గీసేవారూ చిత్రకారులే. అయితే వారి పేరు ఏ చీరపైనా ఉండదు.

సూరత్‌తో తెలుగువారి అనుబంధం కొత్తది కాదు. చేనేత గిట్టుబాటు కాక కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే అక్కడికి వలసపోయి మరమగ్గాల్లో పనికి కుదిరాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. తెలుగు పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపింది. మగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడే తండ్రి తన కొడుకైనా కుర్చీలో కూర్చుని చేసే పనిలో స్థిరపడాలని కోరుకుంటాడు. అటువంటి కుటుంబాలకు కంప్యూటర్‌పై డిజైన్లు వేయడం, ఎంబ్రాయిడరీ యంత్రాలకు పంచింగ్ చేయడం అందుబాటులో ఉన్న మెట్లు. ఆ మెట్లే ఇప్పుడు కదులుతున్నాయి.

కాగితం నుంచి కంప్యూటర్‌కు

సూరత్‌లో 6 లక్షలకు పైగా మరమగ్గాలు ఉన్నాయని పరిశ్రమ వర్గాల అంచనా. ఇన్ని మగ్గాలు నేసిన తెల్లని గుడ్డకు విలువ తెచ్చేది దానిపై పడే అద్దకమే. ఒకప్పుడు ఈ పని మొత్తం కాగితంపై, కుంచెతో జరిగేది. బొమ్మ అంతటితో పూర్తయినట్లు కాదు. పువ్వు ఎక్కడా తెగకుండా గజాల పొడవునా కలిసిపోయేలా దాన్ని అమర్చాలి. అందులోని రంగులను విడదీసి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్క్రీన్ తయారు చేయాలి. అంచుకు, ఒంటికి, కొంగుకు పొందిక కుదర్చాలి. కంప్యూటర్లు వచ్చాక కుంచె స్థానంలో మౌస్ వచ్చింది. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక స్క్రీన్ల అవసరం కొంత తగ్గింది. ఆ రెండు మార్పులూ పని తీరును మార్చాయే గాని గీసే మనిషిని తొలగించలేదు.

2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి సాధనాలు జనం చేతికి వచ్చిన తరువాత పరిస్థితి వేరు. నాలుగు మాటల్లో అడిగితే నిమిషంలో నాలుగు బొమ్మలు ముందుంచే యంత్రానికి రోజు కూలి లేదు, అలసట లేదు. ఒకే చీరకు పది రంగుల మేళవింపులు చూపమంటే విసుక్కోదు. చీర కట్టిన యువతి చిత్రాన్ని కూడా అదే సృష్టించగలదు గనుక క్యాటలాగు కోసం ఫోటోలు తీసేవారికి, వాటిలో కనిపించే మోడళ్లకు కూడా పని తగ్గే ప్రమాదం ఉంది.

యంత్రం తక్షణమే అందరినీ ఇంటికి పంపుతుందని అనడం అతిశయోక్తి. అది ఇచ్చిన బొమ్మ నేరుగా అద్దకానికి పనికిరాదు. అతుకులు సరిచేయడానికి, రంగులు విడదీయడానికి, ఆకు కాడను వదిలి గాలిలో తేలుతుంటే దిద్దడానికి అనుభవజ్ఞుడు కావలసిందే. మొదట దెబ్బ తగిలేది అతనికి కాదు, అతని పక్కన కూర్చుని పని నేర్చుకునే కుర్రవాడికి. పాత డిజైనుకు మెరుగులు దిద్దడం, రంగులు మార్చి చూపడం వంటి పనులతోనే ఆ కుర్రవాడు ఏళ్ల తరబడి చేయి తిప్పుకునేవాడు. యంత్రం ముందుగా మింగుతున్నది సరిగ్గా ఆ పనులనే. నేటి నిపుణుడు విశ్రమించిన నాడు ఆ స్థానంలో కూర్చునేందుకు ఎవరూ తయారై ఉండరన్నది పరిశ్రమ ఆలోచించవలసిన విషయం.

వ్యాపారుల వాదనను పూర్తిగా కొట్టివేయలేము. చీరల మార్కెట్లో ఒక డిజైను ఆయుష్షు కొద్ది వారాలే. పెద్ద సంస్థలు డిజైనర్ల బృందాలను పోషించగలవు. రింగ్ రోడ్డులో చిన్న దుకాణం నడిపే వ్యాపారికి ఆ తాహతు లేదు. చౌకలో కొత్త డిజైన్లు దొరికితే అతడూ పోటీలో నిలుస్తాడు. సాధనాన్ని నిషేధించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కాని యంత్రం ఆ విద్య ఎక్కడ నేర్చిందన్న ప్రశ్నను మాత్రం దాటవేయడానికి వీల్లేదు.

యంత్రం నేర్చిన విద్య ఎవరిది?

స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణకు ఆధారమైన లయాన్-5బి అనే సంపుటిలో ఇంటర్నెట్ నుంచి ఏరిన దాదాపు 585 కోట్ల చిత్రాల చిరునామాలు, వాటి వివరణలు ఉన్నాయి. ఆ చిత్రాలను వేసినవారి అనుమతి తీసుకోలేదు, ప్రతిఫలం ఇవ్వలేదు. దీనిపై 2023 జనవరిలో ముగ్గురు చిత్రకళాకారులు అమెరికాలో దావా వేయగా, కాపీరైట్ ఉల్లంఘన ఆరోపణలపై విచారణ కొనసాగించడానికి న్యాయమూర్తి 2024 ఆగస్టులో అనుమతించారు. బ్రిటన్‌లో గెటీ ఇమేజెస్ సంస్థ వేసిన వ్యాజ్యంలో మాత్రం 2025 నవంబరులో లండన్ హైకోర్టు కాపీరైట్ వాదనను తోసిపుచ్చి, ట్రేడ్‌మార్కు విషయంలో స్వల్ప ఊరటతో సరిపెట్టింది. అక్కడి కళాకారులు గెలిచినా ఓడినా కోర్టు గడప తొక్కడానికి వారికి ఒక ఆధారం ఉంది: గీసిన బొమ్మపై హక్కు తమదని చెప్పుకోగలరు. సూరత్ చిత్రకారుడికి కొరవడినది ఆ ఆధారమే.

యాభై ప్రతుల నిబంధన

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హత ఉండి కూడా నమోదు కాని డిజైనును యజమాని గాని, అతని అనుమతితో మరొకరు గాని పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువ వస్తువులపై వేస్తే ఆ డిజైనుపై కాపీరైట్ అంతరిస్తుంది. సూరత్‌లో 50 చీరలు అచ్చువేయడం పూట పని. అంటే డిజైను జనం కంట పడేలోగానే దానిపై హక్కు ఆవిరైపోతుంది. ఫర్నిచర్ గుడ్డపై డిజైన్ల వివాదంలో, పారిశ్రామికంగా వాడిన డిజైనుకు కాపీరైట్ రక్షణ చెల్లదని 2009లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి స్పష్టం చేసింది.

నమోదు చేసుకోవచ్చు గదా అన్న ప్రశ్న సమంజసమే. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదైతే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ లభిస్తుంది. కాని కొద్ది వారాలు బతికే బొమ్మ కోసం రుసుము చెల్లించి, పత్రాలు సిద్ధం చేసి, కోల్‌కతాలోని డిజైన్ల కార్యాలయం నిర్ణయం కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఒకవేళ నమోదైనా ఆ హక్కు గీసినవానికి దక్కదు. ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్నవాడే డిజైనుకు యజమాని అని ఆ చట్టమే చెబుతోంది. పైపెచ్చు, కంప్యూటర్ సృష్టించిన కృతికి దాన్ని సృష్టింపజేసిన వ్యక్తే కర్త అని 1994 సవరణ కాపీరైట్ చట్టంలో చేర్చింది. మీట నొక్కినవాడు కర్తనని వాదించుకోవచ్చు; ఇరవై ఏళ్లు కుంచె పట్టినవానికి ఆ వాదన కూడా లేదు.

అందుకే 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ కమిటీ వెలువరించిన పత్రాన్ని సూరత్ కోణం నుంచి చదవాలి. కృత్రిమ మేధ సంస్థలు రచనలను, చిత్రాలను శిక్షణకు వాడుకోవడానికి తప్పనిసరి లైసెన్సు ఇవ్వాలని, అందుకు ప్రతిగా అవి తమ రాబడిలో వాటా చెల్లించాలని, దాన్ని ఒకే సంస్థ వసూలు చేసి హక్కుదారులకు పంచాలని ఆ పత్రం ప్రతిపాదించింది. ఉద్దేశం మంచిదే. కాని పంపకం జరిగేది హక్కుదారుల మధ్య. యాభై ప్రతులతోనే హక్కు కోల్పోయినవాడు ఆ పంక్తిలో కూర్చోలేడు. వార్తాసంస్థలు, సంగీత కంపెనీలు, ప్రచురణకర్తలు విస్తళ్లు పరచుకున్నాక చీరలపై బొమ్మలు గీసేవారు గుమ్మం బయటే నిలబడవలసి వస్తుంది.

ఇక్కడ ఒక చేదు నిజాన్నీ ఒప్పుకోవాలి. పోచంపల్లి ఇక్కత్‌ను, పెడన కలంకారీని పోలిన చౌక అచ్చు చీరలను దేశం మీదికి వదిలినదీ సూరతే. ఒక్కొక్క పోగును కట్టి రంగులద్దే నేతగాని శ్రమను అక్కడి స్టూడియోలు కాగితంపైకి ఎత్తుకున్నాయి. ఆ దెబ్బకు మగ్గం వదిలిన కుటుంబాలకు సూరత్ మరమగ్గాలే దిక్కు కావడం విధి వైపరీత్యం. నిన్న నేతగాని నుంచి స్టూడియో తీసుకున్నదాన్నే నేడు స్టూడియో చిత్రకారుని నుంచి యంత్రం తీసుకుంటున్నదని కొందరు సరిపెట్టుకోవచ్చు. అది న్యాయం కాదు. అడ్డుకట్ట లేని చోట దోపిడీ ఒక మెట్టుతో ఆగదని మాత్రమే దాని అర్థం.

పాటకు దక్కినది బొమ్మకు దక్కదా?

పరిష్కారాలు లేకపోలేదు. బట్టపై అచ్చువేసే డిజైన్ల కోసం బ్రిటన్ 1787లోనే చట్టం చేసి రెండు నెలల రక్షణ కల్పించింది. తరువాత దాన్ని మూడు నెలలకు పెంచింది. వస్త్ర వ్యాపారంలో డిజైను ఆయుష్షు స్వల్పమని ఆనాడే గ్రహించారు. ఐరోపా సమాఖ్య 2002 నుంచి నమోదు చేయని డిజైనుకు సైతం మూడేళ్ల రక్షణ ఇస్తోంది. మన చట్టంలోనూ అటువంటి స్వల్పకాలిక రక్షణ చేర్చి, యాభై ప్రతుల నిబంధనను సడలించడం తొలి కర్తవ్యం.

రెండవది వాటా. సినీ గేయరచయితలు, సంగీత దర్శకులు ఒకప్పుడు ఏకమొత్తం పుచ్చుకుని పాటపై సర్వహక్కులూ నిర్మాతకు రాసి ఇచ్చేవారు. 2012 సవరణ వారి పాట సినిమా హాలు వెలుపల వినిపించినప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటాను, సంతకం పెట్టినా పోని హక్కుగా మార్చింది. ఆ న్యాయం డిజైన్ చిత్రకారునికీ వర్తించాలి. ముఖ్యంగా ఒక స్టూడియో తన బీరువాల్లోని పాత డిజైన్లను యంత్రానికి మేతగా వేసేటప్పుడు, వాటిని గీసినవారికి విడిగా ప్రతిఫలం ముట్టాలి. తన పాత పనే తనకు పోటీగా నిలిచినప్పుడు కూలి తీసుకున్నావు గదా అని నోరు మూయించడం న్యాయం కాదు.

మూడవది వర్తక సంఘాల బాధ్యత. నోటి మాటపై నడిచే ఈ పనికి రాతపూర్వక ఒప్పందాలు రావాలి. డిజైను రిజిస్టరులో గీసినవాని పేరు ఉండాలి. దీనికి చట్టం కోసం వేచి ఉండనక్కర లేదు. ఎవరి బొమ్మ ఎవరిదో లెక్క ఉంటేనే రేపు పంపకం వచ్చినప్పుడు అడిగే వీలుంటుంది.

ఈ వ్యవహారం తెలుగు రాష్ట్రాలకు దూరమైనది కాదు. సిరిసిల్ల మరమగ్గాలకైనా, పెడన అద్దకానికైనా, పోచంపల్లి ఇక్కత్‌కైనా ప్రాణం డిజైనే. అందరూ ఒకే యంత్రాన్ని అడిగితే అన్ని చీరలూ ఒకే పోలికకు దిగజారుతాయి. అప్పుడు నష్టం చిత్రకారులతో ఆగక కొనేవారినీ అమ్మేవారినీ తాకుతుంది. యంత్రం వద్దని ఎవరూ అనడం లేదు. ఆ యంత్రానికి విద్య నేర్పిన చేతులను లెక్కలోకి తీసుకోవాలన్నదే విన్నపం. కమిటీ ప్రతిపాదనలు చట్టరూపం దాల్చేలోగా ఆ లెక్క తేల్చడం కేంద్ర ప్రభుత్వ విధి. ఈలోగా తమ నేతన్నల, అద్దకం కళాకారుల పక్షాన గళం విప్పడం తెలుగు రాష్ట్ర ప్రభుత్వాల కర్తవ్యం.