పోయిందనే ముందు

పాత ల్యాప్‌టాప్ గుర్తుకొచ్చేది దానితో పనిబడినప్పుడే. పాప అన్నప్రాసన ఫొటోలు అందులోనే ఉన్నాయనో, అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు మరెక్కడా లేదనో అటక మీంచి దించుతాం. దుమ్ము తుడిచి మీట నొక్కితే ఉలకదు, పలకదు. లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. ‘ఇది పోయింది’ అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తాం.

చాలాసార్లు పోయింది ల్యాప్‌టాప్ కాదు. అడాప్టర్ మెడ దగ్గర నలిగిన తీగో, పీకి పెట్టీ పీకి పెట్టీ వదులైన పిన్నో అయి ఉంటుంది. పనితెలిసిన మెకానిక్ ముందు పెట్టెను ముట్టుకోడు. అడాప్టర్ కొసకు మల్టీమీటర్ ఆనించి చూస్తాడు. పాత మోడళ్లలో చాలావాటికి 19 వోల్టులకు కాస్త అటూ ఇటూగా రావాలి. అక్కడే సున్నా కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో పనిలేదు. ఆ తర్వాత బ్యాటరీ. ఏళ్ల తరబడి చార్జింగ్ లేకుండా పడి ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ మరీ అడుగంటితే, దానిలోని రక్షణ సర్క్యూట్ మళ్లీ చార్జింగ్ ఎక్కనివ్వకపోవచ్చు. పాత యంత్రాల్లో చాలావాటికి అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. దాన్ని తీసి, అడాప్టరూ పీకేసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కిపట్టి, తర్వాత ఒక్క అడాప్టర్‌తోనే ఆన్ చేస్తే కొన్ని లేచి కూర్చుంటాయి. బోర్డులో చిక్కుకున్న కాస్త విద్యుత్తు ఖాళీ అయి, పవర్‌ను అదుపుచేసే చిప్ మొదటి నుంచి మొదలవడమే ఇందులో కిటుకు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ప్రయోగాలొద్దు. గుచ్చినా, నొక్కినా మంటంటుకోవచ్చు.

ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే దారి వేరు. ర్యామ్ ఊడదీసి, దాని పళ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించడం మన రిపేరు షాపుల్లో ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న విద్య. చిట్కాలా అనిపిస్తుంది గానీ, పళ్ల మీద పట్టిన చిలుము వదిలితే నిజంగానే పనిచేస్తుంది. తెర మీద టార్చి వేస్తే అక్షరాలు లీలగా కనబడుతున్నాయా, పోయింది వెనక లైటే. ఇవన్నీ దాటాకే మదర్‌బోర్డు. దాని మీద బియ్యపుగింజ కంటే చిన్న కెపాసిటర్ ఒకటి షార్టయినా అంతా చీకటే. సికింద్రాబాద్ పార్క్‌లేన్ లాంటి కంప్యూటర్ బజార్లలో దాన్ని భూతద్దం కింద వెతికి పట్టుకుని మార్చే చేతులున్నాయి. ‘బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి’ అనేసే చేతులూ ఉన్నాయనుకోండి!

బోర్డు పోయినా హార్డ్‌డిస్కు పోయినట్టు కాదు. దాన్ని బయటికి లాగి, కొన్ని వందల రూపాయల కేసులో పెట్టి, యూఎస్‌బీ తీగతో మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలు చాలావరకు దక్కుతాయి. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్ల జ్ఞాపకాలు పాత సామాన్ల బండెక్కాయో!

ఇన్ని ప్రయత్నాలకు చోటున్నది ఆ యంత్రం విప్పడానికి వీలుగా ఉండబట్టే. పలచదనం మోజులో ఇప్పటి మోడళ్లలో బ్యాటరీ లోపలికి వెళ్లిపోయింది, కొన్నింట్లో జిగురుతో అతుక్కుంది. ర్యామ్‌ను బోర్డుకే టంకం పెట్టేస్తున్నారు. కొన్ని మోడళ్లలో ఫొటోలు దాచుకునే చిప్పులదీ అదే గతి. బోర్డు పోతే అవీ పోయినట్టే. పదేళ్ల తర్వాత ఆ పెట్టె మొరాయిస్తే మల్టీమీటర్ పట్టుకున్న మనిషి ఏం చేయగలడు?

ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ అమ్మేచోట దాని మరమ్మతు సులువుకు పదికి ఇన్ని మార్కులని చూపించాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. మంచిదే. అయితే అందులో కంపెనీ సర్వీసు సెంటర్ వివరాలు మనకు దొరకడం వేరు, వీధి చివరి మెకానిక్‌కు సర్క్యూట్ పటమూ అసలు విడిభాగమూ దొరకడం వేరు. ఆ రెండోది జరగకపోతే హక్కు కాగితం దాటి రాదు.

కొనేవాళ్లం కూడా ప్రాసెసరూ, తెర సైజూ, డిస్కౌంటూ అడిగి ఊరుకుంటున్నాం. బ్యాటరీ మార్చుకోవచ్చా, ర్యామ్ ఊడుతుందా అని అడిగితే కౌంటర్లో కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. ఆ రెండు సంగతులూ ధర చీటీ మీదే అచ్చువేయాలని ప్రభుత్వం ఆదేశిస్తే కంపెనీలకు అయ్యే ఖర్చు ఒక వరుస సిరా.