రెండు మార్కుల నిర్వచనాలు

రసాయన ఇంజనీరింగు శాఖలో చేరిన విద్యార్థులకు సాధారణంగా రెండవ సంవత్సరంలో ఉష్ణగతిక శాస్త్రం ఎదురవుతుంది. పేరు కొత్తది కాదు. ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రంలో ఒకసారి, రసాయనశాస్త్రంలో మరొకసారి చదివినదే. అందుచేత తొలి అధ్యాయంలో వ్యవస్థ, సరిహద్దు, పరిసరాలు, స్థితి, సమతాస్థితి అన్న మాటలు కనిపించగానే, ఇవన్నీ తెలిసినవేనని పుటలు తిప్పివేస్తారు. పరీక్షలో నిర్వచనాలకు దక్కేవి రెండేసి మార్కులు. లెక్కలకు దక్కేవి అంతకు ఎన్నో రెట్లు. ఏది ముఖ్యమో ప్రశ్నపత్రమే తేల్చి చెప్పిందని వారు భావించడంలో వింత లేదు. కాని ఈ శాస్త్రం విషయంలో ఆ తీర్పు తలక్రిందులైనది.

తలుపులు, కిటికీలు మూసి, బయటికి వేడి పోకుండా కట్టుదిట్టం చేసిన గదిలో ఒక ఫ్రిజ్‌ను తలుపు తెరచి నడిపితే గది చల్లబడుతుందా? చల్లబడుతుందనే చాలామంది సమాధానం చెబుతారు. వారికి సూత్రం రాక కాదు, సరిహద్దు ఎక్కడ గీయాలో తెలియక. ఫ్రిజ్‌ను మాత్రమే చూసేవారికి చల్లదనం కనిపిస్తుంది. గది మొత్తాన్ని వ్యవస్థగా తీసుకున్నవారికి, దాని సరిహద్దును దాటి లోపలికి వస్తున్నది విద్యుచ్ఛక్తి ఒక్కటేనని తెలుస్తుంది. శక్తి లోనికి వస్తున్నదే గాని వెలుపలికి పోవడం లేదు. కాబట్టి గది వేడెక్కవలసిందే. ఇందులో ఒక్క అంకెతోనైనా పని పడలేదు.

పని, ఉష్ణాల గుర్తుల సంగతీ ఇంతే. భౌతికశాస్త్ర పుస్తకం వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకమంటుంది. రసాయనశాస్త్ర పుస్తకం వ్యవస్థపై జరిగిన పనిని ధనాత్మకమంటుంది. రెండూ సరైనవే. సూత్రాన్ని కంఠస్థం చేసినవారు ఈ రెంటి నడుమ తికమక పడతారు. ఎవరు ఎవరిపై పని చేస్తున్నారో ముందుగా నిర్ణయించుకున్నవారికి తికమక లేదు.

ఈ స్పష్టతకు ఎంత బలముందో ఈ శాస్త్రం పుట్టుకలోనే కనిపిస్తుంది. 1824లో ఆవిరి యంత్రాలను గురించి గ్రంథం ప్రకటించిన ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో, ఉష్ణం నశించని ఒక ద్రవమన్న ఆనాటి నమ్మకాన్నే ఆధారం చేసుకున్నాడు. ఆ నమ్మకం తప్పు. అయినా ఆదర్శ యంత్రపు సామర్థ్యం అది వేడిని గ్రహించే, విడిచే ఉష్ణోగ్రతలపైననే ఆధారపడుతుందన్న అతని నిర్ణయం నేటికీ చెక్కుచెదరలేదు. వేడి ఎక్కడ ప్రవేశిస్తున్నదో, ఎక్కడ నిష్క్రమిస్తున్నదో అతడు తేటతెల్లంగా చూడగలిగాడు.

లెక్కలన్నీ కంప్యూటరు చేసిపెడుతున్న కాలంలో ఈ శ్రమ దేనికని కొందరు అడుగుతారు. కంప్యూటరు లెక్క చేస్తుంది, నిజమే. కాని ఎరువుల కర్మాగారంలో నత్రజని, ఉదజని సంయోగం చెంది అమోనియాగా మారేది నూరు అట్మాస్ఫియర్లకు మించిన పీడనంలో. అక్కడ ఆదర్శ వాయు సమీకరణం పనికిరాదు. పొరపాటున దానినే ఎంచుకొంటే కంప్యూటరు అభ్యంతరం చెప్పదు. దశాంశ స్థానాలతో సహా తప్పు సమాధానం అందిస్తుంది.

ఆ తప్పు కాగితంపైనే నిలిచిపోతుందన్న భరోసా లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఒక ప్లాస్టిక్కు కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించారు. లాక్‌డౌన్ కారణంగా కదలిక లేక నిలువ ఉన్న ద్రవంలో అణువులు ఒకదానితో ఒకటి కలిసి పాలిమర్‌గా మారసాగాయి. ఆ చర్య వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి చర్యను మరింత వేగిరపరుస్తుంది. ప్రమాదానికి కారణాలు అనేకం. వాటిలో ఒకదానికి ఈ పాఠంతో దగ్గరి సంబంధం ఉంది. ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు అడుగుభాగాన మాత్రమే ఉండెనని, పైపొరలు వేడెక్కుతున్న సంగతి దానివలన తెలియలేదని ప్రభుత్వం నియమించిన సంఘం విచారణలో తేలింది. వ్యవస్థ సమతాస్థితిలో ఉన్నప్పుడే దానికంతటికీ ఒకే ఉష్ణోగ్రత అన్నది రెండు మార్కుల నిర్వచనం. ఆ ట్యాంకు సమతాస్థితిలో లేదు. అడుగున కనిపించిన అంకె అడుగుభాగానిదే గాని ట్యాంకుది కాదు.

విశ్వవిద్యాలయాలలో ఈ శాస్త్రపు తొలి అధ్యాయానికి కేటాయించే సమయం చాలదు. తొలి నెలంతా దానికే వినియోగించినా నష్టం లేదు. ఆ తరువాతి సూత్రాలు వేగంగానే సాగుతాయి. పరీక్షా విధానం కూడ కొంత మారాలి. అంకెలేవీ ఇవ్వకుండా ఒక ట్యాంకు బొమ్మ మాత్రం ఇచ్చి, సరిహద్దు గీయమని, దానిని దాటుతున్నవేవో గుర్తించమని, లోపల అంతటా ఉష్ణోగ్రత ఒకటే అని ఎందుకు నమ్మవచ్చో, ఎందుకు నమ్మరాదో వివరించమని అడగవచ్చు. ఆ ప్రశ్నకు పది మార్కులు కేటాయించవచ్చు.