ల్యాప్‌టాపునకు ఉమ్మడి కొలత కావలయును

ఆటల ల్యాప్‌టాపును విడిభాగములతో స్వయముగా కూర్చుకొనినచో చవుకగా లభించునని మన యువకులు పెక్కండ్రు తలంచుచున్నారు. తలంపు మంచిదే, కాని దారి మూసియున్నది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునందు డెస్క్‌టాపును భాగము భాగముగా కొని కూర్పించుకొనుట చిరకాలపు వాడుక. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను కొలతను ప్రకటించుటచే ఒకరి మదర్‌బోర్డు వేరొకరి క్యాబినెట్టులో అమరుచున్నది. ల్యాప్‌టాపున కట్టి ఉమ్మడి కొలత లేదు. ప్రాసెసరును, గ్రాఫిక్స్ చిప్పును సాధారణముగా బోర్డునకే టంకము పెట్టి బిగించుచున్నారు. ర్యామును, ఎస్‌ఎస్‌డీని మాత్రము కొన్నింట మార్చుకొనవచ్చును.

ఇది అసాధ్యమని తయారీదారులు చెప్పజాలరు. అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2021లో భాగములు మార్చదగిన ల్యాప్‌టాపును వెలువరించినది. పిదప 16 అంగుళముల యంత్రమున గ్రాఫిక్స్ భాగమును సైతము విడదీయదగినదిగా చేసినది. అయినను అది చవుక కాదు. ఒక్క సంస్థ కొలత ఉమ్మడి కొలత కానేరదు.

2022లో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టలును నెలకొల్పినది. సమాచార మొసగుట మేలే. కొలతను నిర్ణయించుట అంతకంటె ముఖ్యము. అందాక కొనువారు ర్యాము, ఎస్‌ఎస్‌డీ మార్చ వీలున్నదా యని అడిగి మరి కొనవలయును. ఇంటనే ఆడుకొనువారికి కూర్పు డెస్క్‌టాపే లాభకరము. తాను కొన్న వస్తువును విప్పి బాగుచేసికొనజాలనివాడు దానికి యజమాని కాడు, అద్దెదారు మాత్రమే.