జీపీఏ రాసిచ్చుడంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే

మా మధురానగర్ల ఏ గల్లీల చూసినా ఊర్ల నుంచి వచ్చిన పోరగాండ్లే. కొందరు కోచింగ్‌కు వచ్చిన్రు, కొందరు పక్కనున్న కృష్ణానగర్ల సినిమా చాన్సుల కోసం తిరుగుతున్నరు. చానమందికి ఊర్ల ఎకరమో, రెండెకరాలో ఉంటది. "అన్న పేరు మీద జీపీఏ రాసియ్యి, అన్నీ ఆయనే చూసుకుంటడు" అని ఇంట్ల అంటరు. దుబాయ్, మస్కట్ పోయే తమ్ముళ్లకైతే విమానం ఎక్కకముందే ఈ మాట వినవడ్తది.

జీపీఏ చెడ్డదని నేను అంటలేను. 1882 నాటి చట్టం ప్రకారం మన తరఫున వేరేటోళ్లు పనిచేసే అధికారమిది. కాకపోతే ఆ కాగితంల రాసిన పనులకు వాళ్లు పెట్టే సంతకం మనం పెట్టినట్టే లెక్క. అమ్మే అధికారం రాసినవంటే అమ్మొచ్చు. బ్యాంకు పని రాసినవంటే పైసలు తీయొచ్చు. అందుకే ఒక్క పని ఉంటే ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ ఇయ్యాలె. కౌలు వసూలుకు పోయేటోనికి భూమి అమ్మే పవర్ ఎందుకు?

ఇంకో కథ ఉన్నది. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పిచ్చుకునేతందుకు జీపీఏ మీదనే ప్లాట్లు కొంటున్నరు. 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసుల సుప్రీంకోర్టు సాఫ్‌గ చెప్పింది: జీపీఏతోని హక్కు మారది, రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉండాల్సిందే. భార్యకో, కొడుక్కో, అన్నకో నిజంగ పని అప్పజెప్పే జీపీఏలకు మాత్రం ఈ తీర్పుతోని ఇబ్బంది లేదన్నది.

మనోళ్లకు చానమందికి తెల్వనిది ఇంకోటి. 1872 కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చూడుర్రి. రాసిచ్చినాయన సచ్చిపోయినా, మతి తప్పినా మామూలు జీపీఏ అక్కడికే ఖతం. నాయిన కోమాల ఉంటే పాత జీపీఏతోని పొలం అమ్ముతమంటే నడువది, కోర్టుకు పోవాల్సిందే. పవర్ వాపస్ తీసుకున్నా ఊకె మనసుల అనుకుంటే సరిపోదు. రద్దు సంగతి తెల్వక ఎవలన్న ఆ మనిషితోని బేరం చేస్తే మన మెడకే సుట్టుకుంటది. అందుకే రద్దు కాగితం రిజిస్టర్ చేసి పవర్ తీసుకున్నాయనకు, బ్యాంకుకు, తహసీల్దార్ ఆఫీసుకు రాతల తెలుపాలె.

గల్ఫ్‌ల ఉన్నోళ్లు అక్కడి ఇండియన్ ఎంబసీల సంతకం చేసి పంపొచ్చు. ఆ కాగితం మన దేశం చేరినంక మూడు నెలల్ల స్టాంప్ సుంకం కట్టాలె. గది మర్చిపోతే ఆఖరి నిమిషంల పని ఆగుతది.

2020ల ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ల భూభారతి వచ్చింది. రికార్డులు కంప్యూటర్ల ఎక్కుడు మంచిదే. కానీ కంప్యూటర్ కాగితాన్ని చూస్తది గని దూరదేశంల ఉన్నోని మనసు చూడది. జీపీఏ మీద భూమి అమ్మే ప్రతిసారి అసలు పట్టాదారు ఫోన్‌కు ముందుగాల కబురు పోవాలె, ఆయన ఊ అన్నంకనే రిజిస్ట్రేషన్ కావాలె. సర్కారు దీన్ని పక్కా రూల్ చెయ్యాలని నా వాదన.

అప్పటిదాక మన జాగ్రత్త మనదే. రాసిచ్చే ముందు ప్రతి లైన్ సదువుర్రి. ఏ పనికి, ఎన్ని రోజులకు అన్నది రాయిర్రి. ఒక కాపీ అమ్మ దగ్గర పెట్టుర్రి. అన్న మీద నమ్మకం లేక కాదు, రేపు అన్నదమ్ములు కోర్టు మెట్లు ఎక్కొద్దని.