చుట్టంగా వెళ్ళే కారు
(అడగండి – చెబుతాం)

కల్యాణదుర్గం దగ్గరి ఒక పల్లె నుంచి ఏడవ తరగతి చదివే పాప ఒకతె మాకు ఇలా వ్రాసింది:

"మా చిన్నాయన బెంగుళూరులో పని చేస్తాడు. మా నాయనకు కారు నడపడం వచ్చు గాని సొంత కారు లేదు. మా అవ్వకు ఒక్కసారైనా నేపాలులో పశుపతినాథుణ్ణి చూడాలని కోరిక. మోకాళ్ళ నొప్పులతో ఆమె రైళ్ళు ఎక్కి దిగలేదు. అందుకని చిన్నాయన తన కారు ఇస్తానన్నాడు. అయితే మా ఊళ్ళో ఒకాయన, 'ఇంకొకరి కారులో దేశం దాటితే సరిహద్దులో లాక్కుంటారు' అన్నాడు. అప్పటినుంచీ అవ్వ, 'నాకు నేపాలూ వద్దు, ఏమీ వద్దు. వాని కారు పోతే ఎట్ల?' అంటున్నది. నిజంగా లాక్కుంటారా?"

పాపా, లాక్కోరు. మీ అవ్వకు ఆ మాట ముందు చెప్పు. అయితే, అడగవలసినవి అడుగుతారు. ఎందుకు అడుగుతారో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

అసలు సరిహద్దు దాటడం మీకు కొత్తేమీ కాదు. కల్యాణదుర్గం నుంచి కంబదూరు మీదుగా మడకశిరకో, హిందూపురానికో తిన్నగా వెళ్ళే దారిలో పావగడ తగులుతుంది. పావగడ కర్ణాటకలో వున్నది. పటం తీసి చూడండి: ఆ తాలూకా దాదాపు నాలుగువైపులా మన ఆంధ్ర నేలే! టిప్పు సుల్తాను 1799లో మరణించాక అతని రాజ్యాన్ని పంచుకున్నారు. అనంతపురం ప్రాంతం నిజాముకు వచ్చింది. ఆయన 1800లో దాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేశాడు. పావగడ మాత్రం మైసూరు రాజ్యంలో వుండిపోయింది. ఆనాటి పంపకం ఈనాటికీ పటం మీద కనిపిస్తున్నది. నేల మీద మాత్రం ఏమీ కనిపించదు. అటూ ఇటూ అవే రాళ్ళగుట్టలు, అవే వేరుసెనగ చేలు, అదే వానకోసం ఎదురుచూపు. ఊరి పేర్ల పలకల మీద అక్షరాలు మారితే, ఓహో, సరిహద్దు దాటామన్నమాట అనుకుంటాము.

మీ చిన్నాయన కారు బెంగుళూరు నుంచి మీ ఊరికి వచ్చినప్పుడల్లా ఈ పని చేస్తూనే వున్నది. దాని పలక మీద కర్ణాటక గుర్తయిన 'కేఏ' వుంటుంది. మన అనంతపురంలో నమోదైన పాత బండ్ల మీద 'ఏపీ 02' వుంటుంది. కర్ణాటక కారు పండుగకు వచ్చి నాలుగు రోజులుండి పోతే ఎవరూ ఏమీ అనరు. కాని 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒక హద్దు పెట్టింది. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలు మించి వుంచితే, అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. చుట్టం చుట్టంగా వున్నంతకాలం సరే, కాపురమే పెడితే ఆ ఊరి లెక్కలో చేరాలి కదా!

దేశాల మధ్యనూ ఇదే న్యాయం. కాకపోతే, అక్కడ లెక్క మరింత గట్టిగా వుంటుంది.

మీ పక్కనే ఉన్న ఒక సంగతితో చెబుతాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నవి. వాటిలో కొన్ని ఓడలెక్కి పరాయి దేశాలకు పోతున్నవి. అవి అమ్మకానికి పోయే సరుకు. ఆ దేశంలో దిగగానే సుంకం కట్టాలి. ఇక అవి తిరిగి రావు. మీ చిన్నాయన కారు అలాంటిది కాదు. అది అవ్వను దింపి, దర్శనం చేయించి, మళ్ళీ ఇంటికి రావలసిన కారు. అది సరుకు కాదు, చుట్టం.

కాని ఈ రెంటినీ చూడగానే తేడా తెలియదు. నేపాలులో బయటి కార్ల మీద సుంకం చాలా ఎక్కువ. యాత్రకని వచ్చి, అక్కడే ఎవరికో కారు అమ్మేసి, బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళుంటే ఆ సుంకం ఎగిరిపోతుంది. ఎత్తుకొచ్చిన కారును దేశం దాటించేవాళ్ళు కూడా వుండవచ్చు. అందువల్ల సుంకాల కచేరీలోని ఉద్యోగి మూడు సంగతులు తెలుసుకోవాలి: కారు ఎవరిది? ఎవరు నడుపుతున్నారు? ఎప్పుడు తిరిగి పోతుంది?

"ఎవరిది?" అన్నదానికి జవాబు నమోదు పత్రంలో, అంటే 'ఆర్‌సీ'లో వుంటుంది. అందులో మీ చిన్నాయన పేరుంటుంది, నడిపేది మీ నాయన. ఈ రెండు పేర్ల మధ్య ఒక వంతెన కావాలి. అదే సొంతదారు ఇచ్చే అనుమతి ఉత్తరం. "నా ఫలానా నంబరు కారును మా అన్నగారు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నేపాలు తీసుకువెళ్ళడానికి ఒప్పుకొన్నాను" అని ఇంగ్లీషులో వ్రాసి, కారు ఇంజను నంబరు, ఛాసీ నంబరు, మీ నాయన లైసెన్సు నంబరు వేసి, చిన్నాయన సంతకం చేయాలి. ఆయన గుర్తింపుకార్డు నకలు ఒకటి దానికి జతచేస్తే మరీ మంచిది.

సొంతదారుకు చెప్పకుండానే కారు తీసుకుపోయిన ఒక గొప్ప ఇల్లాలి కథ చరిత్రలో వున్నది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త కార్ల్ బెంజ్ తయారు చేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మన్‌హైం నుంచి పుట్టిల్లయిన ఫోర్జ్‌హైంకు, నూరు కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ వెళ్ళింది. భర్తకు ముందుగా చెప్పలేదు. దారిలో గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. పెట్రోలు బంకులు లేని రోజులవి, అందుకని మందుల షాపులో ఇంధనం కొన్నది. పుట్టింటికి చేరాక భర్తకు తంతి కొట్టింది! ఆమెకు చెల్లింది. మీ నాయనకు మాత్రం ఉత్తరం ముందే వుండాలి సుమా!

"ఎవరు నడుపుతున్నారు?" అన్నదానికి మీ నాయన లైసెన్సు జవాబు. మన దేశంలో ఈ కాగితాలను ప్రభుత్వ యాప్ ద్వారా ఫోనులో చూపినా చెల్లుతుంది. దేశం దాటేటప్పుడు మాత్రం అసలు కాగితాలే దగ్గర వుంచుకోవాలి. ఇక్కడే చాలామంది మరచిపోయేది ఒకటున్నది – బీమా. మామూలు కారు బీమా మన దేశపు ఎల్ల దగ్గర ఆగిపోతుంది. అవతల కారు దేనికైనా గుద్దుకుంటే కంపెనీ డబ్బివ్వదు. అందుకని బయలుదేరకముందే మీ చిన్నాయన బీమా కంపెనీ వారిని అడిగి, కొంత సొమ్ము అదనంగా కట్టి, ఆ బీమాను నేపాలుకు పొడిగించమనాలి. నేపాలు, భూటాను, బంగ్లాదేశ్ వంటి ఇరుగుపొరుగు దేశాలకు ఇలా పొడిగించే ఏర్పాటున్నది. అరువు తెచ్చుకున్న వస్తువుకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఏమైనా అయితే నష్టం తమ్ముడిది కదా!

మనుషుల సంగతి సులువు. 1950లో కుదిరిన ఒడంబడిక వల్ల మనకు నేపాలు వెళ్ళడానికి వీసా అక్కరలేదు. పెద్దవాళ్ళు పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని చూపాలి. అవ్వకు 65 ఏళ్ళు దాటి వుంటే, నీకు 15 నిండకుండా వుంటే, ఫొటో, వయసూ వున్న ఆధార్ వంటి కార్డు చాలు.

ఇక మూడవది, "ఎప్పుడు తిరిగి పోతుంది?" అసలు కీలకమంతా ఇందులోనే వున్నది. మీరు గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ చేరేసరికి ఇంటినుంచి 1,500 కిలోమీటర్లకు పైనే వచ్చి వుంటారు. ద్వారం దాటగానే నేపాలు వారి సుంకాల కచేరీ వుంటుంది. దాన్ని అక్కడ 'భన్సార్' అంటారు. మీ నాయన అక్కడ కాగితాలు చూపి, ఎన్ని రోజులుంటారో చెప్పి, రోజుకింత చొప్పున రుసుము కడతారు. వాళ్ళు గడువు వేసి రసీదు ఇస్తారు. ఆ రసీదే కారుకు వీసా అనుకోండి. దాన్ని పోగొట్టుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు అది చూపి, కారు బయటికి పోయిందని లెక్కలో వేయించాలి. మీ ఊరాయన చెప్పిన భయంలో నిజం ఏదైనా వుంటే ఇక్కడే వున్నది: గడువు దాటినా కారు తిరిగి పోకపోతే జరిమానా పడుతుంది. అప్పుడు కారును నిలిపివేయనూ వచ్చు. అందుకని ఐదు రోజులు పడుతుందనుకుంటే ఏడు రోజులకు కట్టడం తెలివి. కొండదారిలో వానకు చరియలు విరిగిపడితే రెండు రోజులు ఇట్టే పోతవి.

నేపాలుకు రసీదు చాలు గాని, చాలా దేశాలకు అది చాలదు. అక్కడికి వెళ్ళే కారుకు 'కార్నే' అనే పుస్తకం కావాలి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న పుస్తకమని అర్థం. దాన్ని మోటారు సంఘాలు ఇస్తవి. తీసుకునేవాడు ముందుగా పెద్ద మొత్తం హామీగా కట్టాలి. పుస్తకంలో ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క పుట. పుటలో మూడు భాగాలు. కారు లోపలికి వచ్చినప్పుడు ఒక ముక్క చించుకుంటారు, బయటికి పోయేటప్పుడు రెండో ముక్క చించుకుంటారు. రెండు ముద్రలతో మూడో ముక్క పుస్తకంలోనే వుండిపోతుంది. బయటికి పోయిన ముద్ర లేదంటే, ఆ దేశం సుంకం సొమ్ము అడుగుతుంది. హామీలోనుంచి అది చెల్లవుతుంది. కారు వెనుక దేశం గుర్తు కూడా వుండాలి. 1949లో జెనీవాలో కుదిరిన రోడ్ల ఒప్పందం ప్రకారం, తెల్లని కోడిగుడ్డు ఆకారంలో నల్లని అక్షరాలు వ్రాస్తారు. మన దేశపు గుర్తు 'ఐఎన్‌డి'.

చూశారా, రసీదైనా, హామీ అయినా, కార్నే అయినా చెప్పేది ఒక్కటే మాట: "ఇది తిరిగి వస్తుంది." పక్కింటి నుంచి జల్లెడ తెచ్చుకున్నప్పుడు మీ అమ్మ నోటితో చెప్పే మాటను, ఒకరినొకరు ఎరుగని దేశాలు కాగితం మీద చెప్పించుకుంటున్నవి. తమ్ముడు అన్నను నమ్మాడు. ఆ నమ్మకాన్ని సరిహద్దులోని ఉద్యోగికి కూడా కనిపించేలా చేయడమే ఈ కాగితాల పని.

ఇప్పుడు మీకొక లెక్క. మన గడియారం గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. నేపాలు గడియారం 5 గంటల 45 నిమిషాలు ముందు. సునౌలీలో మన గడియారం ఉదయం 9 గంటలు చూపుతున్నప్పుడు ఒక కారు సరిహద్దు కచేరీకి వచ్చింది. పనులన్నీ ముగిసి నేపాలులోకి అడుగుపెట్టడానికి గంటన్నర పట్టింది. అప్పుడు నేపాలు గడియారంలో ఎంతయింది? జవాబు కార్డు మీద వ్రాసి పంపండి.

పాపా, నీ జవాబుతోపాటు మీ అవ్వ ఏమన్నదో కూడా వ్రాయి.