మైనస్ 40 డాక్టర్లు ఎవరు?

2026 సంక్రాంతి సెలవుల్లో మా ఎంబీబీఎస్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. "రేపు మీ అమ్మకు ఆపరేషన్ చేయబోయేది మైనస్ 40 మార్కుల డాక్టరు, రిజర్వేషన్లకు దండం పెట్టండి" అని. కింద నవ్వే బొమ్మలు, దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. పెట్టినవాడు పరాయివాడు కాదు. నాతో కలిసి ఒకే టేబుల్ దగ్గర శవం కోసి అనాటమీ నేర్చుకున్నవాడు. అతను ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో పీజీ చేశాడు. నేను ఏజెన్సీ పీహెచ్‌సీలో కొన్నేళ్లు పనిచేసి, ఎస్సీ కోటాలో ప్రభుత్వ కాలేజీలో పిల్లల వైద్యం చదివాను. గ్రూపులో నేను ఏమీ రాయలేదు. రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు జరిగింది ఏమిటో చూద్దాం. నీట్ పీజీ 2025లో రెండు రౌండ్ల కౌన్సెలింగ్ తర్వాత కూడా వేల సీట్లు ఖాళీగా ఉండిపోయాయి. దాంతో జనవరిలో అర్హత పర్సెంటైల్ తగ్గించారు. జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 50 నుంచి 7కి, జనరల్ వికలాంగులకు 45 నుంచి 5కి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 నుంచి సున్నాకి దించారు. పరీక్ష 800 మార్కులకు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంటుంది కాబట్టి సున్నా పర్సెంటైల్ అంటే మైనస్ 40 మార్కుల దాకా పోయింది. టీవీలకూ ఫోన్లకూ ఆ ఒక్క అంకె చాలు. 50 నుంచి 7కి దిగిన సంగతి ఎవరికీ వార్త కాలేదు.

అర్హత వేరు, సీటు వేరు. కౌన్సెలింగ్‌లో పేరు రాసుకోవడానికి అర్హత పనికొస్తుంది. సీటు ర్యాంకును బట్టే వస్తుంది. ప్రభుత్వ కాలేజీల్లో జనరల్ మెడిసిన్, గైనకాలజీ, పీడియాట్రిక్స్, రేడియాలజీ వంటి బ్రాంచీల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ సీట్లు మొదటి రౌండ్లలోనే నిండుతాయి, అదీ గట్టి పోటీ మధ్య. మరి చివరిదాకా మిగిలేవి ఏవి? ఒకటి, అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి నాన్ క్లినికల్ సీట్లు. రెండు, ఏడాదికి ఇరవై లక్షలు దాటే ఫీజు కట్టాల్సిన ప్రైవేటు, డీమ్డ్ సీట్లు. ఈ రెండో రకంలో మనకు రిజర్వేషనే లేదు. డీమ్డ్ యూనివర్సిటీల్లో లేదు, మన తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల బి కేటగిరీ, ఎన్నారై సీట్లలోనూ లేదు. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డకు సున్నా పర్సెంటైల్‌తో అర్హత ఇచ్చి కోటి రూపాయల సీటు చూపిస్తే, ఆ అర్హత ఎవరికి పనికొచ్చినట్టు?

ఇది అనుమానం కాదనడానికి 2023 సాక్ష్యం ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సెంటైల్ చేశారు. జనరల్‌కూ సున్నాయే. అప్పుడు మా గ్రూపులో ఎవరి అమ్మ ఆపరేషనూ ఎవరికీ గుర్తు రాలేదు.

నా పీజీ మొదటి వారం సంగతి చెప్తాను. డ్యూటీ రూములో ఒక సీనియర్ నా పేరు అడిగాక రెండో ప్రశ్నగా ర్యాంకు అడిగాడు. చెప్పాను. "ఓహో, అలాగా" అన్నాడు, అంతే. ఆ తర్వాత మూడేళ్లు రాత్రి రెండింటికి ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు లైన్ పెట్టేటప్పుడు నా ర్యాంకు ఎవరూ అడగలేదు. కేసు తేడా వచ్చిన రోజు మాత్రం మళ్లీ అందరికీ గుర్తొచ్చేది. నేను తట్టుకున్నాను, చదువు పూర్తి చేశాను. 2019లో ముంబయిలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వి బతికి బయటపడలేదు. ర్యాంకు అనే మాట మన మీద ఎంత బరువు మోపగలదో ఆ తల్లిని అడగాలి.

ఈ బరువుకు చట్టపరమైన చరిత్ర ఉంది. 1981లో నివేదితా జైన్ కేసులో, ఎంబీబీఎస్ ప్రవేశంలో ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల షరతు తీసేసిన మధ్యప్రదేశ్ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 1994లో అజయ్ కుమార్ సింగ్ కేసులో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి పీజీలో రిజర్వేషన్‌ను నిలబెట్టారు. అందులోని తర్కం సూటిగా ఉంటుంది. ఏ కోటాలో లోపలికి వచ్చినా అందరూ చదివేది ఒకే చదువు, చివరికి పాస్ కావాల్సింది ఒకే పరీక్ష, కాబట్టి ప్రమాణం తగ్గదు.

ఐదేళ్లకే ఆ తర్కం తిరగబడింది. 1999 ఆగస్టులో ప్రీతి శ్రీవాస్తవ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో పీజీ ప్రవేశానికి జనరల్ వాళ్లకు 45 శాతం, రిజర్వ్‌డ్ వాళ్లకు 20 శాతం కనీస మార్కులు ఉండేవి. అంత తేడా కుదరదని కోర్టు అంది. చివర్లో అందరికీ ఒకే పరీక్ష ఉంది కదా అన్న వాదనను ఒప్పుకోలేదు. ప్రవేశం దగ్గర మార్కులు తగ్గితే చదువు ప్రమాణమే తగ్గుతుందని తేల్చింది. సూపర్ స్పెషాలిటీ కోర్సుల్లో రిజర్వేషన్ అసలే వద్దంది. జస్టిస్ సుజాతా మనోహర్ రాసిన ఆ మెజారిటీ తీర్పుతో జస్టిస్ మజ్ముదార్ పాక్షికంగా విభేదించారు. కానీ నడిచింది మెజారిటీ మాటే. ఆ తర్వాత నిబంధనల్లో జనరల్‌కు 50, మనకు 40 అనే లెక్క స్థిరపడింది.

ఇప్పుడు కటాఫ్ తగ్గింపును సమర్థించేవాళ్లు ఏమంటున్నారు? పరీక్ష రాసినవాళ్లందరూ ఎంబీబీఎస్ పాసైన డాక్టర్లే, నీట్ పీజీ ఉన్నది వాళ్లలో వరస తేల్చడానికే, యోగ్యతను పీజీ చివరి పరీక్ష చూసుకుంటుంది, సీట్లు వృథా కాకూడదు అంటున్నారు. చదవగానే నాకు నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది. ఇది అక్షరాలా మన వాదన. 1999లో కొట్టేసిన వాదన. మనం ఆ మాట అన్నప్పుడు దేశ ఆరోగ్యానికే ముప్పు అన్నారు. సీట్లు అమ్ముడుపోని రోజున అదే మాట విధానం అయింది.

నా అభిప్రాయం దాచుకోను. మెరిట్ అనేది ఈ దేశంలో వైద్య ప్రమాణం పేరుతో నడుస్తున్న గేటు. పేద దళితుడు, ఆదివాసీ ఎదురైతే మూసుకుంటుంది, డబ్బు కట్ట ఎదురైతే తెరుచుకుంటుంది. కటాఫ్ తగ్గించడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఎంబీబీఎస్ డాక్టరు బయోకెమిస్ట్రీ చదవడానికి 50 పర్సెంటైల్ దేనికని నేనూ అడుగుతాను. కానీ ఒకే తర్కం ఒకరికి నేరం, ఇంకొకరికి న్యాయం కాకూడదు.

ఆల్ ఇండియా కోటా కథ కూడా ఇలాంటిదే. 1984లో ప్రదీప్ జైన్ తీర్పుతో పుట్టిన కోటా అది. 1986 నుంచి అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల కాలేజీలు సీట్లు ఇచ్చాయి, ఆ సీట్లలో మాత్రం ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. అభయ్ నాథ్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నాకే 15 శాతం, 7.5 శాతం వచ్చాయి. ఇరవై ఏళ్ల పాటు మన వాటా సీట్లు ఎవరికి వెళ్లాయో ఎవరూ లెక్క చెప్పలేదు. రాష్ట్రాలిచ్చిన సీట్లలో ఓబీసీలకు 2021 దాకా దారే లేదు. తమిళనాడు పార్టీలు పోరాడితే 2020 జూలైలో మద్రాసు హైకోర్టు కదిలించింది. 2021 జూలై 29న కేంద్రం 27 శాతం ప్రకటించింది. 1990లో మండల్ ప్రకటన వచ్చిన 31 ఏళ్లకు ఓబీసీలకు దక్కినదీ, రెండున్నరేళ్ల కిందట పుట్టిన ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం దక్కినదీ ఒకే రోజు, ఒకే నిర్ణయంతో.

దాని మీద కూడా కోర్టుకు వెళ్లారు. ఆ నీల్ ఆరేలియో న్యూన్స్ కేసులో 2022 జనవరిలో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న ఓబీసీ కోటాను సమర్థించారు. పోటీ పరీక్షలో మార్కు ఒక్కటే మెరిట్ కాదని, ఆ మార్కు వెనక కుటుంబం, కోచింగ్, భాష, తరతరాల పెట్టుబడి ఉంటాయని, రిజర్వేషన్ మెరిట్‌కు శత్రువు కాదని వివరంగా రాశారు. తెలుగు మీడియంలో చదివి, ఎస్సీ హాస్టల్ లైటు కింద బయాలజీ బట్టీ పట్టినవాడిని నేను. ఆ తీర్పు చదువుతుంటే మా నాన్న జీవితం గురించి ఎవరో రాసినట్టు అనిపించింది. అయితే 1999 తీర్పు ఐదుగురు జడ్జిలది, 2022 తీర్పు ఇద్దరిది. పెద్ద ధర్మాసనం మాట ఇంకా పైనే ఉంది. సూపర్ స్పెషాలిటీ తలుపు ఇప్పటికీ మూసే ఉంది. ఏటా వందల డీఎం, ఎంసీహెచ్ సీట్లు ఖాళీగా పోతున్నాయి. పర్సెంటైల్ తగ్గించి ప్రత్యేక రౌండ్లు పెడతారు గానీ, అందులో ఒక్క సీటు ఒక మాదిగ బిడ్డకో కోయ బిడ్డకో కేటాయిద్దామన్న మాట రాదు. ఖాళీగానైనా ఉండనిస్తారు.

ఇంకో రెండు తగాదాలు మన ఊళ్లకు నేరుగా తగులుతాయి. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో, పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మన రెండు రాష్ట్రాలకు 371డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నాయి. ఆ గొడుగు ఎంతకాలం నిలుస్తుందో మనం కాపలా కాయాలి. ఎందుకంటే ఒక సీటు రాష్ట్ర కోటా నుంచి ఆల్ ఇండియా కోటాకు జరిగితే రిజర్వేషన్ శాతాలూ మారతాయి, జాబితాలూ మారతాయి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాల పిల్లలు ఆ సీటుకు ఓసీలుగా పోటీ పడాల్సిందే.

రెండోది ఇన్ సర్వీస్ కోటా. 2020 ఆగస్టులో తమిళనాడు మెడికల్ ఆఫీసర్ల కేసులో ఐదుగురు జడ్జిలు ఆ కోటా పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉందన్నారు. నేను పీజీ చదివింది ఆ దారిలోనే. ఏజెన్సీ పీహెచ్‌సీలో ఐదేళ్లు జ్వరాలు, కాన్పులు, పాము కాట్లు చూసిన డాక్టరు కోచింగ్ సెంటర్లో కూర్చున్నవాడితో ఒకే పరీక్షలో సమానంగా పరుగెత్తలేడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కోటాకు కత్తెర వేస్తే 2024లో పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కింది అందుకే. కోటా తగ్గితే నష్టపోయేది డాక్టరు ఒక్కడే కాదు, ఆ డాక్టరు కోసం కొండ దిగి వచ్చే మనిషి కూడా.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఒకటి, ప్రతి పీజీ సీటుకూ, ప్రతి కోటాలోనూ చివరిగా చేరిన అభ్యర్థి మార్కు బయటపెట్టాలి. ఎస్సీ కన్వీనర్ సీటు చివరి మార్కు, ఎన్నారై సీటు చివరి మార్కు ఒకే పట్టికలో పక్కపక్కన అచ్చు వేయాలి. మైనస్ 40 డాక్టరు ఎవరో అప్పుడు దేశం చూస్తుంది. రెండు, 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణ ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్‌కు అధికారం ఇస్తోంది. 2014లో ప్రమతి తీర్పు దాన్ని సమర్థించింది. చట్టం చేయడమే మిగిలింది. మేనేజ్‌మెంట్, డీమ్డ్ పీజీ సీట్లకు కూడా అది వర్తించాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సహా. ఫీజు లేని రిజర్వేషన్ మనకు కాగితమే. మూడు, ప్రీతి శ్రీవాస్తవ తీర్పును పెద్ద ధర్మాసనం మళ్లీ చూడాలి. కటాఫ్‌ను సున్నాకి దించడాన్ని సర్కారే సమర్థించుకున్న దేశంలో ఆ తీర్పు పునాది ఇంకా ఎక్కడ మిగిలింది?

మొన్న మా వార్డులో హౌస్ సర్జన్ చేస్తున్న ఒక అమ్మాయి, ఎస్టీ బిడ్డ, రౌండ్స్ అయ్యాక ఆగింది. ఫోన్లో అదే ఫార్వర్డ్.

"సార్, నేను 500 దాటినా ఇదే అంటారా?"

"అంటారమ్మా" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మరి ఓసీ ర్యాంకు కొట్టేదాకా చదవాలంటారా?"

"నీకు నచ్చిన బ్రాంచి వచ్చేదాకా చదువు. ఎస్టీ సీటు వస్తే తీసుకో. అది ఎవరి దానం కాదు, బాబాసాహెబ్ రాయించి పెట్టిన హక్కు."

ఆమె తలూపి మూడో బెడ్డు దగ్గరకు వెళ్లింది. న్యుమోనియాతో వచ్చిన ఎనిమిది నెలల బిడ్డకు ఆక్సిజన్ చూడాల్సిన టైమైంది.