హిందీ తెరకు కానరాని నిచ్చెన

హిందీ చలనచిత్రములలో పేదవాడు పైకి వచ్చుటకు నేరమో, కళయో, అదృష్టమో తప్ప వేఱొక మార్గము కానవచ్చుట అరుదు. 1955 నాటి ‘శ్రీ 420’ నాయకుడు పట్టభద్రుడయ్యును బొంబాయిలో జూదముచేతను మోసముచేతను ధనము గడించెను. 2019 నాటి ‘గల్లీ బాయ్’ నాయకుడు ధారావి ఇఱుకు సందులనుండి పాటచేత బయటపడెను. బాసు చటర్జీ వంటివారు గుమాస్తాలను చూపకపోలేదు. కాని వారి గుమాస్తా కథారంభమున గుమాస్తా, కథాంతమునను గుమాస్తాయే.

1975లో వచ్చిన ‘దీవార్’ నాయకుడు విజయ్ రేవుకూలి; అట్టివాడు విశాఖవాసులకు చిరపరిచితుడు. తల్లి ఇటుకలు మోసిన భవనమునే కొనగల స్థితికి వచ్చుటకు అతడు రేవును విడిచి దొంగరవాణాలో చేరవలసివచ్చెను. ఆ కథ వ్రాసిన సలీం–జావేద్‌ల దృష్టిలో రేవు దాటిపోవలసిన తావే కాని నిలిచి బ్రదుకదగిన తావు కాదు. మన విశాఖలో జరిగినది దీనికి విపరీతము. 1933లో రేవు తెఱవబడి, 1948లో ఇచ్చట కట్టిన ‘జలఉష’ నౌక సముద్రప్రవేశము చేసి, 1966 ఉక్కు ఉద్యమములో ప్రాణములర్పించినవారి త్యాగఫలముగా ఉక్కు కర్మాగారము వెలసిన పిమ్మట, పెందుర్తి, కొత్తవలస ప్రాంతముల వ్యవసాయకూలీల బిడ్డలెందఱో ఐటీఐలో ఫిట్టరు పనియో వెల్డరు పనియో నేర్చి, అప్రెంటిసులుగా చేరి, పర్మనెంటై, పీఎఫ్ అప్పుతో ఇల్లు కట్టి, కూతురిని ఇంజనీరింగు చదివించిరి. ఇందులో తుపాకి పేలలేదు; విజయ్ వలె ఎవ్వరును గుడిలో తల్లి యొడిని ప్రాణము విడువలేదు. కనుకనే కాబోలు, తెర దీనిని పట్టించుకొనలేదు.

అయినను మన కథలోని చేదును హిందీ చిత్రమొకటి ముందుగానే చెప్పెనని యొప్పుకొనవలెను. 1953లో బిమల్ రాయ్ తీసిన ‘దో బిఘా జమీన్’లో శంభు తన రెండు బిఘాల పొలము నిలుపుకొనుటకై కలకత్తాలో రిక్షా లాగి, తుదకు ఆ పొలములో కర్మాగారము లేచుచుండగా కంచె వెలుపల నిలిచి చూచును. ఉక్కునకు భూములిచ్చి, పునరావాసపు ‘ఆర్’ కార్డు చేతబట్టుకొని ఉద్యోగమునకై ఏండ్లతరబడి నిరీక్షించిన నిర్వాసితులకు ఆ కంచె కొత్తది కాదు.

2021 జనవరిలో కేంద్రము ఉక్కు సంస్థలోని తన వాటాను పూర్తిగా విక్రయింప నిశ్చయించిన నాటినుండి పర్మనెంటు అను ఆశకే ముప్పు వచ్చినది. ఈ కథ బొంబాయివారికి పట్టకున్న పట్టకపోవుగాక. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ను ఈ తీరముననే చిత్రించుకొనిన మన తెలుగు చిత్రపరిశ్రమయైనను, విశాఖను ప్రేమికుల సముద్రముగా మాత్రమే చూపుట చాలించి, తెల్లవాఱకమునుపే ఉదయపు ‘ఏ’ షిఫ్టు బస్సెక్కువానిని ఒక్కమాఱు కథానాయకుని చేయవలెను.